మక్కసాళ్ల జడలు

మొయినాబాద్ చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్లి కుదిరినా ముందు ఫంక్షన్ హాలు మాట్లాడుకుంటారు, ఆ వెంటనే సమతకు ఫోన్ చేస్తారు. పూలజడ అంటే ఆమెదే. చేవెళ్ల తోటల చామంతులు, గులాబీలు పొద్దున్నే గంపలో వచ్చి పడేవి. పెళ్లివారి టిఫిన్లు ముగిసేసరికి నడుం దాటిన జడ సిద్ధమయ్యేది. మోకిల విల్లాల్లో ఉండే ఆంధ్రా అమ్మగార్లు కూడా కారు పంపి మరీ పిలిపించుకునేవారు. "మా రాజమండ్రిలో కూడా ఇంత చక్కగా అల్లేవాళ్లు లేరమ్మా" అని బాలత్రిపురసుందరి గారు ఒకసారి మెచ్చుకున్నారు. ఆ మాటను సమత కనీసం వందమందికి చెప్పి ఉంటుంది. చెప్పుకోవడంలో తప్పేముంది?

ఆ పనితనం ఎవరో కూర్చోబెట్టి నేర్పింది కాదు. సమత పుట్టింది ఎంకపల్లిలో. తల్లి అంతమ్మ ఊరి బట్టలు ఉతికేది. తల్లి వాగు దగ్గర బండ మీద బట్టలు బాదుతుంటే, ఆరేసిన చీరెలకు కాపలా కూర్చున్న పిల్ల ఊరికే ఉండలేక దొరికినదాన్నల్లా అల్లేది. గడ్డి అల్లింది, చీరె అంచుల దారాలు అల్లింది, తోటి పిల్లల జుట్టు అల్లింది. ఒకసారి పక్కన మేస్తున్న బర్రె తోకకు మూడుపాయల జడ వేసి, దాని ఆసామితో తిట్లు కూడా తిన్నది. పదో తరగతి అయ్యాక చేవెళ్లలో ఒక పార్లర్‌లో పనికి కుదిరింది. ఆ తర్వాత ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడిపే ప్రవీణ్‌తో పెళ్లయింది. మొయినాబాద్ చౌరస్తాకు కాస్త లోపలగా ఒక షటర్ కిరాయికి తీసుకొని సొంతంగా పార్లర్ పెట్టుకున్నది. మూటలు మోసే ఓపిక తగ్గాక అంతమ్మ కూడా కూతురి దగ్గరికే వచ్చేసింది. పొద్దంతా పార్లర్ గడపలో కూర్చొని పూలు కట్టేది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ సలహాలు ఇచ్చేది.

సమతది పెట్టే చెయ్యే. కాకపోతే పని నేర్పమని ఎవరైనా వస్తే మాత్రం మాట దాటేసేది. కనకమామిడి నుంచి సువార్త అనే ఆమె ఎన్నోసార్లు వచ్చి అడిగింది. భర్త మోషే మేస్త్రీ పనికి పోతాడు, ఆమె ఇంట్లో ఖాళీగా ఉండలేక ఏదైనా పని పట్టుకోవాలని చూస్తున్నది. "ఇప్పుడు లగ్గాల సీజన్ గదా సువార్తా, జర ఆగు" అని ఒకసారి, "ఇప్పుడు మూఢం, గిరాకీ లేదు, ఏం జూపియ్యాలె" అని ఇంకోసారి. అసలు సంగతి వేరు. నేర్పితే రేపు ఎదురుగానే ఇంకో షటర్ లేస్తుందని సమత భయం.

ఇట్లా ఉండగా ఒక వానాకాలం మధ్యాహ్నం, తలకు స్కార్ఫు చుట్టుకొని, సగం తడిసిన ఒక పొడుగాటి అమ్మాయి గడప దగ్గర ఆగింది. ఆఫ్రికా నుంచి వచ్చి ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీల్లో చదువుకునే పిల్లలు బస్‌స్టాపులో కనిపిస్తుంటారు గాని, వాళ్లలో ఒకరు పార్లర్ మెట్టెక్కడం అదే మొదటిసారి. సమత లోపలే ఇంగ్లీషు వెతుక్కుంటుండగా ఆ అమ్మాయే నోరు విప్పింది.

"అక్కా, నా నెత్తి జేస్తవా?"

అంతమ్మ చేతిలో దారం జారిపోయింది. "ఓ యవ్వ! మన మాటే మాట్లాడుతున్నది!"

"తెలుగు ఏడ నేర్సినవ్?" అని సమత అడిగింది.

"హాస్టల్ మెస్‌ల. వంటజేసే అవ్వలు నేర్పిన్రు. కూర ఎక్కువ గావాలంటే తెలుగు గావాలె" అని ఆ అమ్మాయి నవ్వింది. పేరు ముతింత. దేశం జాంబియా. చదువు సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం.

స్కార్ఫు తీస్తే తల సగం జడలు విప్పి, సగం విప్పక ఉన్నది. జడలు వేయించుకోవాలంటే ఇన్నాళ్లూ పట్నం పోయేదట. రెండు బస్సులు మారాలి, ఆదివారమంతా అక్కడే కరిగిపోతుంది. ఈసారి దగ్గర్లోనే చేయించుకుందామని పొద్దున రెండు పార్లర్లకు పోయిందట. ఒకచోట ఫ్యాన్ తిరుగుతుండగానే బంద్ అన్నారు. ఇంకోచోట ఈ జుట్టుకు మా దగ్గర మెషీన్ లేదన్నారు. ఆ సంగతులన్నీ ముతింత నవ్వుతూనే చెప్పింది గాని, చెబుతూ స్కార్ఫు కొసను వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి చేస్తుండడం సమత చూసింది.

"అబద్ధం ఎందుకు జెప్పాలె బిడ్డా, నాకు గిది రాదు" అన్నది సమత. జడ విషయంలో ఆ మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు. అన్న మరుక్షణమే ఆమెకు చేతులు దురదపెట్టాయి. "అయితే... నువ్వు జెప్తే జేస్త. కూసో."

మొదటి ప్రయత్నం గురించి ఇప్పటికీ ఆ పార్లర్‌లో తలుచుకొని నవ్వుకుంటారు. అలవాటు కొద్దీ సమత గిన్నెడు కొబ్బరినూనె పోసి, సన్నపళ్ల దువ్వెన పెట్టి లాగింది. దువ్వెన పళ్లు పుటుక్కున విరిగి అద్దానికి తగిలాయి. ముతింత "అవ్వా!" అని అరిచింది. ఆ అరుపు నేర్పింది కూడా హాస్టల్ వంటావిడలే. తర్వాత ఫోన్‌లో వీడియో పెట్టి చూపించింది. జుట్టు తడపాలి, పెద్దపళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి, పాయ పాయకూ సవరం కలుపుకుంటూ మాడుకు అంటుకునేలా అల్లుకుంటూ పోవాలి. సవరం సంగతి సమతకు వెన్నతో పెట్టిన విద్యే. పాపిడి దగ్గరే వంకర పోతున్నది. నాలుగుసార్లు తీసింది, నాలుగుసార్లూ పాము పాకినట్టు వచ్చింది.

గడపలో నుంచి అంతమ్మ మెడ సాచి చూసింది. "గివి మక్కచేను సాళ్లే గదనే! నాగలి తోలేటోడు కాళ్లదిక్కు జూస్తడా? అవతలి గట్టు దిక్కు జూస్తడు. నువ్వు గూడ దువ్వెన జూడకు, ఎన్కకు మెడ దిక్కు జూడు."

ముతింత ఎగిరి గంతేసినంత పని చేసింది. "ఇంగ్లీషుల గూడ పేరు అదే! కార్న్ రోస్! మక్కసాళ్లు!"

అవతలి గట్టును చూస్తూ గీసిన పాపిడి తిన్నగా వచ్చింది. చీకటి పడేసరికి తల పూర్తయింది. ఎడమవైపు రెండు సాళ్లు కొంచెం వంకరే. ముతింత అద్దంలో అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకొని, "ఈ రెండూ ఘాట్ రోడ్డు అక్కా" అన్నది. ముగ్గురూ పడీపడీ నవ్వారు.

రెండు వారాలకు ముతింత ఇంకో స్నేహితురాలిని తీసుకొచ్చింది. ఆమె ఇంకొకరిని తెచ్చింది. దసరా నాటికి ఆదివారమంటే ఆ షటర్‌లో పండుగలా ఉండేది. జాంబియా, టాంజానియా, కాంగో, సూడాన్, అన్ని దేశాల పిల్లలూ బెంచీ మీద వరసగా కూర్చొని ఒకరి జుట్టు ఒకరు విప్పుకుంటూ, సమత చేతి కోసం ఎదురుచూసేవారు. ఒక్కొక్కరి జుట్టు ఒక్కో రకం. ఒకరిది దూది, ఒకరిది స్ప్రింగు. అందరినీ ఒకేతీరుగా లాగితే కుదరదని సమత నేర్చుకున్నది. ముతింత పేరు అంతమ్మ నోట 'ముత్తెం' అయిపోయింది. ఆ పేరుకు అర్థమేందని అడిగితే, వరసగా మగపిల్లలు పుట్టాక ఆడపిల్ల పుడితే మా దగ్గర ముతింత అని పెడతారని ఆ అమ్మాయి చెప్పింది. "గట్లయితే ముత్తెమే గదా!" అని అంతమ్మ తేల్చేసింది.

ఒక ఆదివారం ఆ పిల్లలు డబ్బాలో తమ వంట తెచ్చారు. తెల్లమక్కల పిండితో గట్టిగా కలిపిన ముద్ద, పక్కన ఆకుకూర. అంతమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకొని కళ్లు పెద్దవి చేసింది. "ఇది మక్కగట్క! మా చిన్నప్పుడు రోజూ ఇదే తిన్నం. ఇంత దూరం దేశం కెల్లి వచ్చి నాకే గట్క తినిపిస్తున్నరా!" మరుసటి ఆదివారం ఆమె మజ్జిగ పోసిన గట్క చేసి అందరికీ గిన్నెల్లో పోసింది. కాంగో పిల్ల మూడుసార్లు అడిగి పోయించుకున్నది.

అందరూ సంతోషించారని కాదు. పాత గిరాకీలో ఒకామె, "వాళ్లకు వాడిన దువ్వెన మాకు గూడ వాడుతవా?" అని మూతి విరిచింది. "ఎవల దువ్వెన వాళ్లకే అక్కా, మీది గూడ వేరేనే పెట్టిన, ఎన్నడు జూడలేదా?" అన్నది సమత. ఆమె మళ్లీ రాలేదు. సమత ఒకటి రెండు రోజులు బాధపడింది, తర్వాత బాధపడే తీరిక లేకపోయింది.

షటర్ యజమాని జైపాల్ కూడా ఒక సాయంత్రం తెల్ల ఖద్దరు మడత నలగకుండా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తాతల నాటి నుంచి భూములున్న కుటుంబం. వచ్చే ఎన్నికల్లో నిలబడాలని అతని కోరిక.

"చెల్లే, నాకైతే ఏం లేదు. మంది అంటున్నరు. బయటిదేశమోళ్లు గుంపులు గుంపులు వస్తున్నరట. రేపు ఎలక్షన్ల నాకు జర ఇబ్బంది అయితది."

"వాళ్లకు ఓట్లు లేవన్నా."

"అందుకే గదా ఇబ్బంది" అన్నాడు జైపాల్. అన్నాక తనకే నవ్వొచ్చినట్టుంది, గొంతు సవరించుకున్నాడు.

గడపలో నుంచి అంతమ్మ అందుకున్నది. "నాకున్నది గదా జైపాలూ ఓటు. నా బిడ్డకున్నది, అల్లునికున్నది. ఎంకపల్లిల మా వాడకట్టంత ఎవలకెయ్యాల్నో నన్నే అడుగుతరు. ఆ పిల్లలు చదువుకునేటోళ్లు. ఎవలను ఏమన్న అన్నరా?"

జైపాల్ చాయ్ తాగి లేచాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

జనవరి నెలలో ముతింత ఒక కబురు తెచ్చింది. అమెరికాలో ఏటా ఫిబ్రవరిని నల్లవాళ్ల చరిత్ర నెలగా జరుపుకుంటారట. ఆఫ్రికా విద్యార్థులందరూ కలిసి ఈసారి కాలేజీ ఆడిటోరియంలో ఒక సాయంత్రం దాన్ని జరపాలనుకున్నారు. నల్లజాతి ఆడవాళ్లలో 'మొదటివారు' అనిపించుకున్నవాళ్లను ఒక్కొక్కరు ఒక్కొక్క వేషంలో చూపిస్తారు. తలలు తయారుచేసే బాధ్యత మొత్తం సమతదే.

"వాళ్లెవలో నాకు తెల్వకపోతే నెత్తి ఎట్ల జేయాలె? పెండ్లిపిల్లకైనా ఇంటికిపోయి జూసి జడ ఏస్త. మీరు కూసొని వాళ్ల ముచ్చట జెప్పున్రి, నేను వింటనే ఏస్త" అన్నది సమత.

అట్లా ఆ నెలంతా పార్లర్‌లో కథలే కథలు. టాంజానియా పిల్ల కుర్చీలో కూర్చొని, వాంగారి మాథాయి అనే కెన్యా ఆమె ఊరూరా ఆడవాళ్లను కూడగట్టి కోట్ల మొక్కలు నాటించిందని, ఆఫ్రికా ఆడవాళ్లలో మొదటి నోబెల్ శాంతి బహుమతి ఆమెదేనని చెప్పింది. సూడాన్ పిల్ల అంతరిక్షంలోకి పోయిన మొదటి నల్లజాతి మహిళ మే జెమిసన్ కథ చెప్పింది. ప్రవీణ్‌కు మాత్రం విమానం నడిపిన బెస్సీ కోల్‌మన్ ముచ్చట తెగ నచ్చింది. అమెరికాలో నల్లపిల్లకు విమానం నేర్పమని అన్ని స్కూళ్లూ తలుపు మూసేస్తే, ఫ్రెంచి భాష నేర్చుకొని ఫ్రాన్సు దాకా పోయి, వందేళ్ల కిందటే లైసెన్సు తెచ్చుకుందట. "హెవీ లైసెన్స్ కోసం నన్ను ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిప్పితేనే నేను ఏడ్సిన. గామె సముద్రం దాటిందా!" అని ప్రవీణ్ స్టీరింగ్ తిప్పినట్టు గాల్లో చేతులు తిప్పి మెచ్చుకున్నాడు.

చివరికి ముతింత వంతు వచ్చింది.

"నాది మేడమ్ వాకర్ అక్కా. అసలు పేరు సారా. అమ్మా నాయనా పత్తిచేన్ల బానిసలు. బానిసతనం పోయినంక ఆ ఇంట్ల పుట్టిన మొదటి పిల్ల ఈమెనే. ఏడేండ్లకు అమ్మ నాయన ఇద్దరు లేరు. పద్నాలుగుకు పెండ్లి. ఇరవైకి భర్త పోయిండు, చేతిల చిన్న పాప. ఏం జేయాలె? మంది బట్టలు ఉతికింది. శానా ఏండ్లు ఉతికింది."

సమత చేతులు ఆగిపోయాయి. గడపలో పూలు కడుతూ సగమే విన్న తల్లి వైపు తిరిగి ముతింత చెప్పినదంతా మళ్లీ ఒకసారి వివరంగా చెప్పింది. అంతమ్మ పూలగంప పక్కకు జరిపి దగ్గరికి వచ్చింది.

"చాకలామెనా?"

"అవునవ్వా."

"ఏడ ఉతికింది? వాగుల్నా, తొట్టిల్నా? ఉడుకవెట్టే బట్టలు గూడనా?"

"తొట్టి. ఉడుకునీళ్లు, కారం లాంటి సబ్బు. తర్వాత ఆమె నెత్తి పాడైంది. ఎంటికలన్ని ఊడిపోయినయి."

అంతమ్మ మెల్లగా తల మీది కొంగు తీసి ముతింత ముందు వంగింది. నడినెత్తిన వెంట్రుకలు పలచబడి మాడు కనిపిస్తున్నది. బతుకంతా మూటలు మోసిన చోటు అది. "మూట రాపిడికి నాయి గూడ గిట్లనే పోయినయి బిడ్డా. అందుకే కొంగు తియ్య" అన్నది. సమతకు కూడా ఆ సంగతి తెలియదు. ఊరందరి తలలు దువ్విన కూతురు తల్లి తలను ఎన్నడూ పట్టి చూడలేదు. ముతింత లేచి నిలబడి, రెండు చేతులతో ఆ ముసలి తలను పట్టుకొని, సరిగ్గా ఆ చోటనే ముద్దు పెట్టింది.

"నీ చేతులు సల్లగుండ" అని అంతమ్మ కళ్లు తుడుచుకొని, "తర్వాత? ఆమె ఏం జేసింది, అది జెప్పు ముందు" అని తొందరపెట్టింది.

"నెత్తికి రాసే మందు సొంతంగ తయారు జేసింది. ఇంటింటికి తిరిగి అమ్మింది. ఫ్యాక్టరీ పెట్టింది. అమెరికాల తన కష్టంతోని కోటీశ్వరురాలైన మొదటి ఆడామె అని ఆమెనే అంటరు. నీకు తెలుసా అక్కా, ఆమె ఒక్కతే బాగుపడలేదు. వేలమంది ఆడోళ్లకు ఈ పని నేర్పింది. బట్టలుతికేటోళ్లు, వంటజేసేటోళ్లు, అందరు వచ్చి నేర్సుకున్నరు. ఒకసారి వాళ్లందర్ని పిలిచి పెద్ద మీటింగ్ గూడ పెట్టింది."

సమత పాయ అల్లుతూ అల్లుతూ అడిగింది. "మరి... వాళ్లంత నేర్సుకొని ఎదురుంగ షాపులు పెట్టలేదా?"

"పెట్టిన్రు కావచ్చు" అని ముతింత అద్దంలో నుంచే ఆమె ముఖం చూసింది. "అయితే ఏంది అక్కా? నెత్తులు ఏమన్న తక్కువ పడ్డయా?"

సమతకు ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది. పెళ్లిళ్ల సీజన్‌లో ఒకే రోజున మూడు ముహూర్తాలుంటే రెండింటిని వదులుకోవడం ఆమెకు ఏటా మామూలే. వదులుకున్న ఆ తలలన్నీ ఒక్కసారి వరసగట్టి కళ్లముందు నిలబడ్డాయి. ఇన్నేళ్లూ దేనికి భయపడ్డట్టు?

ఆ రోజు నుంచి మేడమ్ వాకర్ వేషానికి అంతమ్మే పెద్దదిక్కు. బట్టలుతికే ఘట్టం ఎట్లుండాలో తనే చూపించింది. ఎప్పుడు వీలైతే అప్పుడు ముతింతను ఇంటి వెనుక బండ దగ్గరికి పట్టుకుపోయి, నడుం ఎట్లా వంచాలి, బట్ట ఎట్లా విసరాలి అన్నీ చెప్పింది. ఇంటి గోడ మీద చాకలి ఐలమ్మ ఫోటో ఉంటుంది. దాన్ని చూపించి, "ఈమె మా ఐలమ్మ. భూమి కోసం దొరలతోని కొట్లాడింది. మీ సారమ్మ ఫోటో తేపో, పక్కన పెడుత" అన్నది. ముతింత ఫోన్‌లో ఫోటో వెతికి, చేవెళ్లలో ఫ్రేము కట్టించి తెచ్చింది.

ఫిబ్రవరిలో ఆ శనివారం వచ్చింది. పొద్దున్నుంచి సమత ఆడిటోరియం వెనుక గదిలో ఒక్కో తల తయారు చేస్తూనే ఉన్నది. పనికి చెయ్యి చాలదని ముందే తెలిసి సువార్తకు ఫోన్ చేసి పిలిపించింది. సువార్త నమ్మలేదు. "నిజంగ నన్నేనా అక్కా?" అని రెండుసార్లు అడిగింది. సవరాలు పాయలు తీసి అందించడంతో మొదలుపెట్టి, మధ్యాహ్నానికి చిన్నచిన్న జడలు తనే వేయసాగింది. ఆమె వేళ్లు చురుకైనవి. సమత పక్కనుంచి చూసి, చూసి, "బిగువుగ లాగకు, మాడు నొస్తది. ఆఁ, గట్లనే" అన్నది.

సాయంత్రానికి హాలు నిండిపోయింది. కాలేజీ పిల్లలు, లెక్చరర్లు, హాస్టల్ వంటావిడలు కూడా వచ్చారు. ముందు వరస మధ్యలో ముఖ్య అతిథి కుర్చీ. అందులో ఎవరా అని చూస్తే, మెరిసే తెల్ల ఖద్దరులో జైపాల్! కాలేజీ వాళ్లు పిలిచారట. ప్రవీణ్, అంతమ్మ అతని వెనుక వరసలోనే కూర్చున్నారు.

విమానం నడిపిన ఆమె వచ్చినప్పుడు ప్రవీణ్ ఈల వేశాడు. అంతరిక్షం ఆమెకు చప్పట్లు మోగాయి. తర్వాత వేదిక మీద ఒక పెద్ద తొట్టి, తొట్టిలో నిజం నీళ్లు, తడిసిన దుప్పటితో ముతింత. ఇంటి వెనుక ఎంత బాగా చేసిందో! ఇంతమందిని చూసేసరికి అన్నీ మరిచిపోయింది. దుప్పటి రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకొని ఒకే వైపు తిప్పసాగింది. ఎంత తిప్పినా చుక్క నీరు రాలదు.

రెండో వరస నుంచి ఒక గొంతు లేచింది. "ఓ ముత్తెం! రెండు చేతులు ఒక్కదిక్కే తిప్పితే నీళ్లెట్ల పోతయి? ఒకటి ఇటు, ఒకటి అటు!"

హాలంతా తిరిగి చూసింది. ప్రవీణ్ అత్త చెయ్యి పట్టుకోబోయాడు గాని అప్పటికే అంతమ్మ కొంగు నడుముకు చెక్కుకొని మెట్లెక్కుతున్నది. తెర పక్కన నిలబడ్డ సమత కార్యక్రమం పాడైపోయిందనుకున్నది. అంతమ్మ మాత్రం తొట్టి దగ్గరికి పోయి, దుప్పటి ఒక కొస ముతింత చేతిలో పెట్టి, రెండో కొస తను పట్టుకున్నది. "నువ్వు గటు, నేను గిటు. ఊఁ!" ఇద్దరూ చెరోవైపు తిప్పారు. దుప్పటి తాడులా మెలిపడింది. నీళ్లు ధారలుగా కారాయి. ఆఖరి మెలికకు అంతమ్మ తన బలమంతా పెట్టి విదిల్చేసరికి నీళ్లు ఎగిరి ముందు వరస మీద వానలా కురిశాయి. జైపాల్ ఖద్దరు మడతలు ఒక్క దెబ్బకు తడిసి ఒంటికి అతుక్కుపోయాయి.

అంతమ్మ వేదిక అంచుకు వచ్చి తొంగి చూసింది. "జైపాలూ, ఫికర్ జేయకు. నేను ఉతికిన నీళ్లల్ల మైల ఉండదు."

ముందు నవ్వింది జైపాలే. లేచి నిలబడి, తడిసిన చొక్కాతోనే ముసలామెకు రెండు చేతులూ జోడించాడు. ఇక హాలు ఆగలేదు. ఈలలు, చప్పట్లు, డ్రమ్ములు. ముతింతకు పోయిన ధైర్యం తిరిగొచ్చింది. అంతమ్మ భుజం మీద చెయ్యి వేసుకొని, ఆమెను పక్కనే ఉంచుకొని మిగిలిన కథంతా చెప్పింది. సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో. "ఈమె నాకు ఉతుకుడు నేర్పింది, ఆమె బిడ్డ నాకు జడలేసింది. నా కథల మేడమ్ వాకర్ ఇద్దరు మనుషులు" అన్నప్పుడు, తెర పక్కన సువార్త సమత చెయ్యి గట్టిగా పట్టుకున్నది.

మార్చి నుంచి పార్లర్ తీరు మారింది. సోమవారం, గురువారం మధ్యాహ్నాలు పని నేర్పే పూటలు. సువార్త ఉన్నది. ఆమె వెంట చర్చికి వచ్చే ఇద్దరు ఆడవాళ్లు, చేవెళ్ల నుంచి ఒక టైలరమ్మ వచ్చి చేరారు. పక్క షటర్ ఖాళీ అయితే జైపాల్ తనంతట తనే వచ్చి, "నువ్వే తీసుకో చెల్లే, బోర్డు మీద నా పేరు గూడ చిన్నగ రాయించు" అన్నాడు. బోర్డు మీద పేరు రాయించలేదు గాని షటర్ తీసుకున్నారు. వేసవిలో కాలేజీలు మూతపడే ముందు ఒకే ఆదివారం రెండు పెళ్లిళ్ల జడలు, ఎనిమిదిమంది విద్యార్థినుల తలలు వచ్చిపడ్డాయి. ఒక్కరిని కూడా వెనక్కి పంపలేదు. ఒక పెళ్లికి సువార్త ఒక్కతే పోయి వచ్చింది.

మరుసటి ఏడాదికి ముతింత చదువు పూర్తయింది. వాళ్ల దేశంలోనే రోడ్లు వేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. బయలుదేరే ముందు ఆదివారం పార్లర్‌కు వచ్చి, సంచి కింద పెట్టి, కుర్చీ దులిపింది.

"కూసో అక్కా."

"నేనా?"

"నీ నెత్తి ఇంతవరకు ఎవలన్న జేసిన్రా?"

సమతకు పొద్దున లేస్తే ముడి, పడుకునేటప్పుడు ముడి. పెళ్లినాడు కూడా తన జడ తనే వేసుకున్నది. కూర్చున్నది. ముతింత వేళ్లు మాడు మీద నడుస్తుంటే కళ్లు వాటంతట అవే మూతపడ్డాయి. బయట బస్సుల హారన్లు, గడపలో అంతమ్మ ఎవరితోనో బేరం, పక్క షటర్‌లో సువార్త కొత్త పిల్లకు "అవతలి గట్టు దిక్కు జూడు" అని చెప్పడం, అన్నీ ఎక్కడో దూరం నుంచి వినిపించాయి. చాలా ఏళ్ల తర్వాత ఆమె మధ్యాహ్నం పూట కూర్చున్నచోటే నిద్రపోయింది.

లేచేసరికి తల మీద నుంచి మెడ దాకా తిన్నని సాళ్లు. ఒక్కటి కూడా వంకర లేదు. అద్దంలో ఉన్నది తనేనా అని తడుముకొని చూసుకున్నది. అంతమ్మ లోపలికి వచ్చి బుగ్గలు నొక్కుకున్నది, తర్వాత దిష్టి తీసింది.

కాలేజీ సెలవు కావడంతో బస్సును కడిగించుకొని, సాయంత్రం ఆమెను ఇంటికి తీసుకుపోవడానికి ప్రవీణ్ వచ్చి, అలవాటు ప్రకారం హారన్ కొట్టాడు. సమత ఎక్కడానికి వచ్చింది. అతను తలుపు తీయకుండా కిటికీలోంచి వంగి, చాలా మర్యాదగా అడిగాడు.

"మేడమ్, ఏ ఇయర్? ఏ బ్రాంచి? ఐడీ కార్డు జూపియ్యున్రి."

"నోరు మూసుకొని తలుపు తియ్యి" అన్నది సమత. వెనుక నుంచి ముతింత, సువార్త, అంతమ్మ ఒక్కసారిగా నవ్వారు. తలుపు తెరుచుకున్నది. సమత ముందు సీట్లో కూర్చొని, దారిపొడుగునా కిటికీ తెరిచే ఉంచుకున్నది. కొత్త సాళ్ల మధ్య గాలి చల్లగా తగులుతుంటే, ఇంటి దగ్గర దిగాల్సి వచ్చినప్పుడు కూడా దిగకుండా, "చేవెళ్ల దాక పోయి వద్దామా?" అన్నది.

ప్రవీణ్ గేరు మార్చి బండిని ముందుకు తోలాడు.